పెళ్లిచూపుల్లో వణికిన చెయ్యి

హన్మయ్యతో వాదించడం కంటే మా బోరు మోటారుతో వాదించడం సులువు. అదైనా అప్పుడప్పుడు మాట వింటుంది. నాచారంలో మా ఇంటి వెనక పోర్షన్లో అద్దెకుంటాడాయన. మెడలో తులసిమాల వేసుకున్ననాటి నుంచి కల్లు వాసన తగిలితే చాలు, రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోతాడు.

ఆయన కూతురు త్రివేణి పెళ్లిచూపులు మా హాల్లోనే జరిగాయి, వాళ్ల పోర్షన్లో అంతమంది పట్టరని. పిల్లవాడు విక్రమ్, మల్లాపూర్‌లో పంపుల కంపెనీలో ఫిట్టరు. నెమ్మదస్తుడు. త్రివేణికి నచ్చాడని ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలిసిపోయింది. గొప్పకు పోయి కప్పులూ సాసర్లూ నేనే తీశాను. విక్రమ్ అందుకోగానే చెయ్యి వణికి సాసరు టకటకలాడింది, టీ కాస్తా ప్యాంటు మీద పడింది.

వాళ్లు అటు వెళ్లగానే హన్మయ్య తేల్చేశాడు. "తాగుబోతుకే చేతులు గిట్ల వణుకుతయి టీచరమ్మా. పొద్దుగాల ఏస్కోకపోతే గదే కథ. నా బిడ్డనియ్య."

నాకు ఒళ్లు మండింది. "ఉప్పల్‌లో నరాల డాక్టరున్నాడు, చూపిద్దాం. తాగుబోతని ఆయనంటే నేను మళ్లీ నోరెత్తను" అన్నాను. ఫోను చేస్తే విక్రమ్ మారుమాట లేకుండా వస్తానన్నాడు. రోజు విడిచి రోజు బంద్‌లు జరుగుతున్న కాలమది, బంద్ లేని రోజు చూసుకుని ముగ్గురం వెళ్లాం.

డాక్టరు అతని చేతులు ఒళ్లో పెట్టుకోమన్నాడు. వణుకు లేదు. చాపమన్నాడు, వేళ్లు సన్నగా ఆడాయి. గ్లాసుతో నీళ్లు తాగమంటే చొక్కా తడిసింది. కాగితం మీద జిలేబీ చుట్ట గియ్యమన్నాడు. అది ముళ్ల జంతికలా వచ్చింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగాడు డాక్టరు.

"మా నాయినకున్నది సార్. గడ్డం గీస్కున్నప్పుడల్ల కోస్కుంటడు."

"ఎప్పుడైనా కల్లు తాగావా? తాగితే వణుకు తగ్గిందా?"

విక్రమ్ హన్మయ్య వైపు చూశాడు. లేదంటే సరిపోయేది. కానీ అనలేదు. "బోనాలకు ఒక్కసారి తాగిన సార్. గా పూట చేతులు కదలకుంట నిలవడ్డయి. మల్ల ముట్టలే."

"సూసిన్రా" అంటూ హన్మయ్య లేచి నిలబడ్డాడు. "నోటితోని ఒప్పుకుండు."

డాక్టరు నవ్వి ఆయన్ని కూర్చోమన్నాడు. "నేను అడిగింది అందుకే. ఇది వంశంలో వచ్చే వణుకు. చేత్తో ఏదైనా పట్టుకుంటే వస్తుంది, కల్లు పడితే కాసేపు ఆగుతుంది. ఆగుతుంది కదా అని తాగితేనే చేటు. పార్కిన్సన్స్ కాదు, ప్రాణానికి భయం లేదు. థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించి మాత్రలిస్తాను. తగ్గుతుంది, పూర్తిగా పోదు. గాభరాపడితే ఎక్కువవుతుంది."

హన్మయ్య మాల సవరించుకున్నాడు. "రేపు పిల్లలకు గూడ వస్తదా?"

"రావచ్చు. రాకపోనూ వచ్చు."

విక్రమే నోరు విప్పాడు. "ఇదంత త్రివేణికి చెప్పున్రి మామా. ఏం దాపెట్టకున్రి. ఆమె వద్దంటే నాకేం కోపం లేదు."

ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సు దిగి ఇంటికొచ్చాక హన్మయ్య ఒక్క ముక్క వదలకుండా కూతురికి చెప్పాడు, పిల్లల సంగతితో సహా. "ఇగ నీ ఇష్టం బిడ్డా" అన్నాడు.

త్రివేణి ముఖం చిన్నబోయింది. అయిపోయింది, ఈ సంబంధం తప్పిపోయిందనుకున్నాను.

"అంటే నన్ను సూసి వణకలేదా?" అంది ఆ పిల్ల. "నేను గదే అనుకున్న. మస్తు సంబురపడ్డ."

నాకు నవ్వాగలేదు. "గాభరాపడితే ఎక్కువవుతుందని చెప్పాడే డాక్టరు."

"గట్లయితే సగం నరాలది, సగం నాది" అంది త్రివేణి. "ఫోన్ జేసి రమ్మను నాయినా. పెండ్లి మాట మాట్లాడున్రి."