హన్మమ్మ సాక్ష్యం

నెలాఖరు రిపోర్టు అంటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఎన్ని ఇళ్లు తిరిగావు, ఎందరి కోసం ప్రార్థించావు, చివర్లో ఎన్ని సాక్ష్యాలు, అంటే ప్రభువును నమ్ముకున్నామని ఎందరు చెప్పారు. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే వికారాబాద్ నుంచి మా పాస్టరు అయ్యగారి ఫోన్ వస్తుంది. “ఏం స్నేహలతా, పెద్దేముల్‌ల ఇన్ని నెలల సంది నిద్రపోతున్నవా?”

నాకు ఇరవై ఒక్కేళ్లు. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది సేవకని మా చర్చి సంఘం పంపితే ఈ ఊరికి వచ్చాను. కాళ్లు అరిగేలా తిరిగాను. జనం మంచినీళ్లిచ్చారు, కూర్చోబెట్టి మాట్లాడారు, ఎవరి దేవుణ్ణి వాళ్లు ఉంచుకున్నారు. నాకేదో మాటిచ్చి తప్పినట్టు వాళ్ల మీద కూడా కోపం వచ్చేది.

నవంబరులో గొర్రెలు కాసే హన్మమ్మ నన్ను దొడ్డి దగ్గర ఆపింది. నాలుగు గొర్రెలు మేత ముట్టడం లేదట. “నువ్వు గూడ జర మొక్కు బిడ్డా,” అంది. ప్రార్థన చేశాను. మర్నాడు పశువుల డాక్టరు వచ్చి సూదులేశాడు. వారానికి గొర్రెలు లేచాయి. రిపోర్టులో నేను డాక్టరు సంగతి మింగేశాను. ప్రార్థనతో బాగయ్యాయని, హన్మమ్మ ప్రభువును నమ్ముకుందని రాశాను. గడి నిండింది. సిగ్గులేకుండా హాయిగా నిద్రపోయాను.

క్రిస్మస్‌కు తాండూరు చర్చికి భోజనానికి రమ్మని ఆమెను పిలిచింది కూడా నేనే. ప్రేమతోనే పిలిచాను. రిపోర్టు సంగతి అప్పుడు గుర్తే లేదు. ఆమె పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, షేర్ ఆటోలో వచ్చి, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుంది. అయ్యగారు ప్రసంగం ముగించి జేబులోంచి కాగితం తీశారు. దూరం నుంచే నా రాత గుర్తుపట్టాను.

“ప్రభువు హన్మమ్మ గొర్రెలను ఎట్ల బాగుచేసిండో, ఆమె బీరప్పను ఎట్ల విడిచిపెట్టిందో, ఆమెనే వచ్చి సాక్ష్యం చెప్తది.”

ఆమె కులదైవం బీరప్ప పేరు నేను రాయనే లేదు. అది ఆయన కలిపింది.

ఎవరో ఆమె చేతిలో మైకు పెట్టారు. ఆమె అందరినీ చూసింది, తర్వాత నన్ను చూసింది.

“గొర్లకు డాక్టరు సూదులిచ్చిండు. గీ పిల్లను మొక్కమన్న, మొక్కింది. బీరప్పకు గూడ మొక్కిన. నేనెవ్వలను ఇడిచిపెట్టలె. గా ముచ్చట ఎవ్వలు చెప్పిన్రు?”

కొందరు నవ్వారు. అయ్యగారి మొహం మాడింది. “ఆమెకు మైకంటే భయమైతున్నది. స్నేహలతా, ఆమె తరఫున నువ్వొచ్చి చెప్పు.”

గడి నింపమని ఆరు నెలలు నా నెత్తిన కూర్చున్న మనిషి, ఇప్పుడు ఆమె ఎదుటే ఆమెను అబద్ధాలకోరును చేయమంటున్నాడు. ఆయన్ను నలుగురిలో కడిగేయాలనే లేచి మైకు అందుకున్నాను. హన్మమ్మ నా మొహంలోకే చూస్తోంది. అయ్యగారి వైపు నుంచి ఆమె వైపు తిరిగాను.

“నేనే రాసిన. అబద్ధం రాసిన,” అన్నాను. “అవ్వ ఏ దేవుణ్ణి విడిచిపెట్టలె. నన్ను మెచ్చుకోవాలని ఆమె పేరు వాడుకున్న.”

ఎవరూ ఆమెన్ అనలేదు. హన్మమ్మ చెప్పులు వేసుకుని, భోజనం చేయకుండానే వెళ్లిపోయింది. అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. “పండుగ ఖరాబు చేసినవ్. జనవరి నుంచి నీ సేవ అక్కర్లేదు.” దానికి నాకు ఏడుపు రాలేదు. ఆమె తినకుండా పోయినందుకు వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెద్దేముల్ వెళ్లాను. హన్మమ్మ నన్ను దొడ్డి బయటే నిలబెట్టింది. ఎండ ఎక్కేదాకా దొడ్డి ఊడుస్తూనే ఉంది.

“చర్చిల ముచ్చట ఊరికి చేరింది. దేవుణ్ణి మార్చినవా అని మా కులపోళ్లు అడుగుతున్నరు. ఇంటింటికి పోయి నువ్వే చెప్పాలె.”

“పోత అవ్వా.”

పదకొండు ఇళ్లు తిరిగాను. అన్నీ నేను సువార్త చెప్పిన గడపలే. ప్రతి గడపలో నా అబద్ధం నేనే చెప్పుకున్నాను. కొందరు తిట్టారు. ఒకాయన నా మీదికొస్తున్న కుక్కను అదిలించను కూడా లేదు. మండింది నాకు. అయినా తర్వాతి ఇంటికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి హన్మమ్మ ఒళ్లో ఒక గొర్రెపిల్ల ఉంది. పాలు తాగడం లేదు.

“మొక్కు,” అంది, నా వైపు చూడకుండానే. “గీసారి ఎక్కడ రాయకు.”

మోకరించాను. ఏం అడగాలో తెలియలేదు. గొర్రెపిల్ల చెవి చల్లగా ఉంది. దాన్ని పట్టుకుని చాలాసేపు ఊరికే ఉన్నాను. ఆ ఏడాది నేను చేసిన మొదటి ప్రార్థన అదే.