ఏమోయ్

మా ఆయన బస్సు కండక్టర్. వెనక మెట్టు మీద నిలబడి "రైట్" అంటే వాళ్ళ డ్రైవరుకే కాదు, పక్క బస్సు డ్రైవరుకి కూడా వినిపించేది. ఇంటి దగ్గరా అదే గొంతు. వీధి మలుపు తిరగ్గానే "ఏమోయ్" అని ఒక్క కేక. నలుగురూ నవ్వుతారని విసుక్కునేదాన్ని. క్యాన్సరని డాక్టర్లు స్వరపేటిక తీసేశాక ఆ కేక కోసం మొహం వాచిపోయాను.

గొంతు పోయినవాళ్ళ కోసం ఒక సేవాసంఘం ఉంది. మెడకు ఆనించి మాట్లాడే మిషను వాళ్ళే ఉచితంగా ఇచ్చారు. ఆయన దాన్ని అలమరలో పెట్టి తలుపు వేసేశారు. నాతో పనిబడితే చప్పట్లు కొట్టేవారు. "నేనేమన్నా హోటల్లో సర్వర్నా?" అని ఒళ్ళుమండి పలికేదాన్ని కాదు. పలక్కుండా వంటింట్లో నిలబడి ఏడ్చేదాన్ని.

మిషన్లు ఇవ్వడం వరకే సంఘానికి చేతనయింది. కూర్చోబెట్టి మాట్లాడించడానికి మనుషులు లేరు. ఆ సంగతి తెలిసి మా పేట నాటక బృందం ముందుకొచ్చింది. ఆదివారాలు రిహార్సల్ హాలు ఇచ్చేశారు. నాటకం వేసి, టికెట్ల డబ్బుతో బ్యాటరీలు కొన్నారు. ఒక్కో నటుడూ ఒక్కొక్కరి ఎదురుగా కూర్చుని మాట ఎక్కడ విరవాలో, మిషను మీట ఎప్పుడు వదలాలో చూపించేవాడు. మా ఆయన్ని బతిమాలి, దెబ్బలాడి తీసుకెళ్ళాను. వారాలు గడిచినా ఆయన పెదవి కదపలేదు.

ఒక ఆదివారం వాళ్ళ దర్శకుడు, అందరూ బాబాయ్ అంటారు, నాటకం కాగితాలు పక్కన పడేశాడు.

"డైలాగులు చాలు. ఇంట్లో మీ ఆవిణ్ణి ఎలా పిలుస్తారో అలా పిలవండి" అన్నాడు.

మేం ఆడవాళ్ళం హాలు చివర టీ పోస్తున్నాం. "ఏమోయ్" అని వినిపించింది, గరగరమంటూ, హెచ్చుతగ్గుల్లేకుండా. నలుగురం ఒక్కసారే "ఆఁ" అన్నాం. అందరి మొగుళ్ళదీ అదే పిలుపు, అందరి మిషన్లదీ అదే గొంతు. హాలంతా గొల్లున నవ్వింది. పిలిచింది ముందు వరసలో మిషను పట్టుకున్న మా పేట పోస్టుమాన్ అనుకుని నేను అటు చూశాను. అతను తల అడ్డంగా ఊపి, బొటనవేలితో వెనక్కి చూపించాడు.

పిలిచింది మా ఆయన.

ఇన్నాళ్ళు ఎదురుచూసిన పిలుపు వస్తే, పరాయి మనిషి వైపు తిరిగాను. ఆయన మొహం చిన్నబోయింది. మిషను జేబులో పెట్టేసుకోబోయారు. దాన్ని ఇంతకాలం అలమరలో ఎందుకు దాచారో అప్పుడు అర్థమైంది. నేను గుర్తుపట్టనేమోనని భయం.

దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాను. ఆ దూరం నుంచే మళ్ళీ పిలిపించుకోవాలనిపించింది.

"గుర్తుపట్టలేదండీ. కొత్త గొంతు కదా, నాకూ అలవాటు కావాలి. ఇంకోసారి పిలవండి" అన్నాను.

ఆయన మిషను మళ్ళీ మెడకు ఆనించారు.

"ఏమోయ్."

పాత గొంతు కోసం నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. అది ఇక రాదు.

"వస్తున్నా" అని కేకేసి, టీ అక్కడే వదిలేసి వెళ్ళాను.