మూత పెట్టి తీసిన ఫొటోలు

"పాలు బయట పెట్టి విరగ్గొట్టుకోమంటావా? కెమెరాకేమో చల్లటి పడక!" అత్తగారు ఫ్రిజ్ పిడి వదల్లేదు.

"తలుపు తీయకండి అత్తయ్యా. పాలు కాచేశాను, సాయంత్రం దాకా ఏం కావు."

"పొద్దుట్నుంచీ ఇదే పాట. వంకాయలకి ఫొటోలు తీస్తున్నావా ఏంటే?"

కోడలి కూతురు కిసుక్కున నవ్వింది. కోడలికీ నవ్వొచ్చింది.

ఫొటో స్టూడియోలో ఉద్యోగం ఆమెది. చలికాలమంతా మేడ మీద నిలబడి, ఆకాశంలో నక్షత్రాలు పుట్టే ఒక ధూళి మబ్బును, నెబ్యులాను, ఫొటో తీసింది. పత్రికవాళ్లు ఆమె పేరుతోనే వేస్తామన్నారు. రేపటికల్లా పంపాలి. చీకట్లో ఎక్కువసేపు తెరుచుకుని ఉంటే కెమెరా తన వేడికి తనే ఎర్రటి, నీలి చుక్కలు పుట్టిస్తుంది. మూత పెట్టి, అంతే చలిలో, అంతే సేపు తీస్తే ఆ చుక్కలు మాత్రమే పడతాయి. వాటిని అసలు ఫొటోలోంచి తీసేస్తే నక్షత్రాలు మిగులుతాయి. ఇప్పుడు ఎండలు ముదిరాయి. ఇంట్లో ఆ చలి ఉన్నది ఫ్రిజ్‌లోనే.

లోపల కెమెరా టక్కుమంది.

భర్త పడగ్గదిలోంచి వచ్చాడు. పోయిన వారం ఇదే వంటింట్లో ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టినవాడు. ఆ చప్పుడు వినగానే అతనికి ఒకటే తోచింది.

"నన్ను తీస్తున్నావా? దొంగచాటుగా పెట్టి, ఎవరికి చూపిద్దామని?"

"కాదండీ, అది మూత పెట్టి..."

తల్లిని పక్కకు నెట్టి తలుపు లాగాడు. కెమెరా అందుకుని ఫొటోలు తిప్పాడు. నలుపు. మళ్లీ నలుపు. ఎంత తిప్పినా నలుపే.

"చెరిపేశావా?"

"చీకటే తీశానండీ. మూత చూడండి!"

"నన్ను వెధవని చేస్తున్నావా?"

చెంప మీద పడిన దెబ్బకు ఆమె ఫ్రిజ్ మీదకు తూలి కిందపడింది. అతను కెమెరాను గట్టు రాతి అంచుకేసి బాదాడు. లెన్స్ ఊడి, గాజు నేలంతా చిందింది. ఇంకోసారి బాదాడు. ఆమె ఫ్రిజ్ అంచు పట్టుకుని లేవబోతుంటే తలుపును కాలితో తన్నాడు. వేళ్లు నలిగిన చప్పుడు ముందు వినిపించింది, ఆమె కేక తర్వాత.

"ఒరేయ్, చాలురా! చంపేస్తావా?" అత్తగారు అడ్డం వచ్చింది. ఆవిణ్ణీ తోసేశాడు. ఆవిడ గోడకు కొట్టుకుని కూలబడింది. అప్పుడు ఆగాడు, రొప్పుతూ.

కూతురు తలుపు లాగింది. బయటికొచ్చిన రెండు వేళ్లు పక్కకు వంగిపోయి ఉన్నాయి. ఆ కెమెరా పుట్టించిన చుక్కలను ఆ కెమెరాయే చూపించాలి. అది మెమరీ కార్డుతో సహా ముక్కలై పాదాల దగ్గర పడి ఉంది.

ఆమె ముక్కులోంచి కారిన నెత్తురు మోచేత్తో తుడుచుకుంది. అత్తగారిని కూతురి సాయంతో కుర్చీలో కూర్చోబెట్టింది. తువ్వాలు చేతికి చుట్టించుకుంది. భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

ముగ్గురినీ చూసి, గొంతు పెంచకుండా చెప్పింది.

"కంప్యూటర్‌లో ఉన్న ఫొటో ఎలా ఉంటే అలాగే పంపుతాను, చుక్కలతోనే. ఇప్పుడు ఆస్పత్రికి వెళ్తున్నాను. ఎలా తగిలిందని అడిగితే ఈసారి జారిపడ్డానని చెప్పను. అక్కణ్ణించి పిల్లా నేనూ ఈ ఇంటికి రాము. మీరూ వస్తానంటే రండి అత్తయ్యా."