కొంగు కింద నాలుగు అంకెలు

బోల్టుల షావుకారుకి తన కార్డు మీద ఉన్నంత నమ్మకం తన మీద కూడా లేదు. పరాయి దేశంలో దిగి నాలుగు రోజులైంది. బస్సెక్కినా, రొట్టె కొన్నా, టీ తాగినా ఆ కార్డు తీసి మిషను మీద తాకించడం, అది కుయ్‌మనగానే పెళ్ళాం వంక గర్వంగా చూడటం.

"చూశావుటే? ఎక్కడో మన ఊళ్ళో ఇచ్చిన కార్డు, ఇక్కడెంత దర్జాగా చెల్లుతోందో! నీకు ఇంకోటి ఎందుకు, దండగ!" అని రోజుకి పదిసార్లైనా అన్నాడు.

ఆవిడ టైపు టీచరమ్మ. ముప్ఫై ఏళ్ళుగా ఇంటి ముందుగదిలో ఆరు టైపు మిషన్లు పెట్టుకుని పాఠాలు చెబుతోంది. ఈమధ్య పిల్లలు తగ్గిపోయి ముగ్గురు మిగిలారు. గది ఖాళీ అయితే బోల్టుల పెట్టెలు పెట్టుకోవచ్చని షావుకారు కన్ను దానిమీద పడింది. ప్రయాణానికి ముందు పాతసామాన్ల కుర్రాణ్ణి పిలిచి, తాము తిరిగి రాగానే ఆరింటినీ పట్టుకుపొమ్మని మాటిచ్చేశాడు. ఆవిడకి మాత్రం చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు మరి, మనలో మన మాట.

అయిదో రోజు మధ్యాహ్నం మందుల షాపులో పడ్డారు ఇద్దరూ. టీచరమ్మకి షుగరు. పొద్దున్న ఊరు మారే హడావిడిలో, "ఇన్సులిన్ నేను తీస్తాలే, నువ్వు పద" అన్నది షావుకారే. అది పాత హోటలు ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఆ హోటలు ఇక్కడికి ఆరు గంటల దూరం. సాయంత్రం భోజనం ముందు ఆవిడకి సూది పడాలి.

తెల్లకోటు వేసుకున్న షాపావిడ డాక్టరు చీటీ చూసి, మందు తెచ్చి బల్ల మీద పెట్టింది. షావుకారు ఎప్పటిలా కార్డు తాకించాడు. ఈసారి కుయ్‌మనలేదు. మొత్తం పెద్దది కాబట్టి రహస్య నంబరు నొక్కమంది మిషను. దాందేముంది అనుకుంటూ చెయ్యి చాచినవాడు చాచినట్టే ఆగిపోయాడు.

"ఇదేమిటే! అంకెలన్నీ ఎవడో కలిపేశాడు!"

బటన్లు లేవు, నున్నటి అద్దం. దొంగలెవరూ కనిపెట్టకుండా అంకెలు చోటు మార్చుకుంటాయట. ఒకటి ఉండాల్సిన చోట ఎనిమిది కూర్చుంది. పాపం షావుకారు ఆ నంబరుని ఏనాడూ నంబరుగా గుర్తుపెట్టుకోలేదు. తొమ్మిదేళ్ళుగా రోజూ పెట్రోలు బంకులో నొక్కీ నొక్కీ అది వేళ్ళకే వచ్చేసింది, బుర్రలో దాని ఆనవాలు కూడా లేదు. అలవాటు చొప్పున నొక్కాడు, తప్పంది. ఆలోచించి నొక్కాడు, అదీ తప్పంది. షాపావిడ ఒక వేలు ఎత్తి చూపించింది. ఇంకొక్కసారే. అదీ తప్పితే కార్డు ఇంక పనికిరాదు.

జేబులో ఉన్న నోట్లు టాక్సీకి అయిపోయాయి. బ్యాంకుకి ఫోన్ చేస్తే, కొత్త నంబరు ఇంటి అడ్రసుకి పోస్టులో వస్తుంది సార్, వారం పడుతుందని ఎవరో తియ్యగా చెప్పారు. సాయంత్రానికి సూది కావలసిన మనిషి పక్కనే నిలబడి ఉంటే వారమట, వారం!

"ఎంత పని చేశానే! మందు మర్చిపోయిందీ నేనే, నీకు కార్డు వద్దన్నదీ నేనే. నీకేమన్నా అయితే..." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకేం కాలేదు ఇంకా. ముందు ఆ చెమట తుడుచుకోండి" అంది టీచరమ్మ. బల్ల చివర ఒక పాతకాలపు ఫోను ఉంది, ఉబ్బెత్తు బటన్లది. పైన ఒకటీ రెండూ మూడూ, వరస మన బంకు మిషనుదే. షాపావిడని సైగలతో అడిగి దాన్ని ముందుకి లాక్కుంది.

"దీని మీద నొక్కండి."

నొక్కాడు. మళ్ళీ నొక్కమంది. మొదటిసారి ఒక నంబరు, రెండోసారి ఇంకోటి.

"అదిగో, వేళ్ళకేసి చూస్తున్నారు. చూస్తే అవి సిగ్గుపడతాయి. మొదటిరోజు నుంచీ మా పిల్లలకి చెప్పేది అదే" అంటూ కొంగు తీసి ఫోనునీ, ఆయన చేతినీ కలిపి కప్పేసింది. తనవైపు మాత్రం కాస్త ఎత్తి పట్టుకుంది. ఆయన నడిమివేలు తీసుకెళ్ళి మధ్య బటను మీద పెట్టింది. "ఇది అయిదు. మీ చెయ్యి ఇక్కణ్ణుంచే బయల్దేరుతుంది. ఇంక దాని సంగతి మర్చిపోయి నాతో మాట్లాడండి."

"ఏం మాట్లాడనే ఈ కంగారులో?"

"బంకు కుర్రాడితో రోజూ ఏం మాట్లాడతారు? సార్, పెట్రోలు మళ్ళీ పెరిగింది సార్!" అంది, అచ్చం వాడి గొంతుతో.

అంతే, షావుకారుకి ఒళ్ళు మండింది. "పెరగదూ మరి! మొన్ననే కదరా పెంచారు! మేం బతకాలా వద్దా? బోల్టు మీద పావలా పెంచితే కస్టమరు కొట్టడానికొస్తాడే..." అని అందుకున్నాడు. కొంగు కింద టకటకా నాలుగు చప్పుళ్ళు వినిపించాయి. తన వేళ్ళు కదిలాయని ఆయనకే తెలియలేదు.

"ఇంకోసారి. గాలి కూడా సరిగ్గా పెట్టరటగా వాళ్ళు?"

"గాలా! ఆ గాలివెధవ సంగతి అడక్కు..." మళ్ళీ టకటకా నాలుగు. మూడోసారి చిల్లర గొడవ ఎత్తింది, మళ్ళీ నాలుగు.

"మూడుసార్లూ ఒకటే" అని కొంగు తీసేసి, ఆయన చెవిలో నంబరు చెప్పింది. ఆ అంకెలు మీకు చెప్పను గానీ, పెళ్ళిరోజు అనుకునేరు, అది మాత్రం కాదు. షావుకారు తెల్లబోయాడు.

"ఇదా? నేనెప్పుడూ విననైనా వినలేదే ఈ నంబరు!"

"మీరు వినకపోతేనేం, నేను చూశాను."

ఒక్కటే అవకాశం. షావుకారు ఆవిడ మొహంలోకి చూశాడు. వేళ్ళని చూసి పిల్లల తప్పులు పట్టిన ముప్ఫై ఏళ్ళు ఉన్నాయి ఆ కళ్ళల్లో. ఇంక రెండో మాట లేకుండా, అద్దం మీద ఒక్కో అంకే వెతుక్కుంటూ, ఆవిడ చెప్పిన నాలుగూ నొక్కాడు.

కుయ్‌మంది.

షాపావిడ చప్పట్లు కొట్టింది. షావుకారు మందుల సంచీని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని బయటికొచ్చాడు.

ఫుట్‌పాత్ మీద ఒక బెంచీ ఉంది. ఆవిణ్ణి కూర్చోబెట్టి, అక్కడికక్కడే పాతసామాన్ల కుర్రాడికి ఫోన్ చేశాడు. ఆవిడ వింటోందన్న జంకు కూడా లేదు.

"ఏమయ్యా, ఆ టైపు మిషన్లు ఇవ్వట్లేదు. ఒక్కటి కూడా ఇవ్వను, తెలిసిందా?"

"నేనెక్కడ తీసుకెళ్తాను సార్! నేను టైపు నేర్చుకుంది మేడమ్ దగ్గరే. మీరు చెప్పిన రోజే మేడమ్‌కి ఫోన్ చేశాను. సార్ నోటితో సార్ చెప్పేదాకా ఆగమన్నారు."

షావుకారు చేతిలో ఫోను చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ పక్కన చతికిలబడ్డాడు.

"తెలిసే ఊరుకున్నావుటే? ఇన్ని రోజులూ ఒక్క మాటైనా అనలేదేం?"

"మీరే చెబుతారేమోనని చూశాను" అంది టీచరమ్మ, సంచీలోంచి మందు తీసి తేదీ చూసుకుంటూ. "ఇక్కడికొచ్చాక కూడా రోజూ చూశాను."

షావుకారు తల దించుకున్నాడు. ఏ మిషన్లని ఇనప తూకానికి బేరం పెట్టాడో, వాటి దగ్గర అబ్బిన విద్యే ఇవాళ ఆవిడ ప్రాణం నిలబెట్టింది. తన పెళ్ళాం ఎంత గొప్పదో ముప్ఫై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి కనుక్కోలేకపోయానే అని సిగ్గేసింది. జేబులోంచి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇంక ఇది నీ దగ్గరే ఉండనీ. నంబరు తెలిసింది నీకే కదా. ఊరెళ్ళగానే నీ పేరున ఇంకోటి తీసుకుందాం."

"మరి బోల్టుల పెట్టెలు?"

"నా మంచం కింద పెట్టుకుంటానే తల్లీ, వదిలెయ్! పొద్దున్న క్లాసులో నాకో మిషను ఉంచు, చేరతాను."

టీచరమ్మ కార్డు కొంగున ముడేసుకుని లేచింది.

"ఫీజు ముందే కట్టాలి" అంది.