అరువు గొంతు

“పోలింగ్ రేపు కూడా ఉందటగా శశీ. ఈ వానలో లైన్లో ఎక్కడ నిలబడతానులే అని ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుంటూ పోతున్నా,” అంది ఫోన్లో రాధారాణి.

శశికళ కాఫీ కప్పు కింద పెట్టేసింది. “రేపేమిటి? ఎవరు చెప్పారు?”

“ఎవరేమిటి, మీ నాన్నగారే. ఇందాక కాల్ వచ్చింది. మెషీన్లు పాడయ్యాయట, మన ఏరియా వాళ్ళకి బుధవారం కూడా టైమిచ్చారట. పెద్దవాళ్ళు, పిల్లల తల్లులు ఇవాళ ఇబ్బంది పడొద్దన్నారు. రికార్డింగేలే. కానీ బాబాయిగారి గొంతు నాకు తెలీదా?”

శశికళ వెనక్కి తిరిగి చూసింది. తండ్రి వీరభద్రరావు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా జేబు మీద, ఓటేసి వచ్చినవాళ్ళకు ఇచ్చే పీచ్ పండు బొమ్మ స్టిక్కర్. అమెరికా పౌరుడయ్యాక అది ఆయన మొదటి ఓటు. పోలింగ్ తలుపులు తెరవకముందే వెళ్ళి, అందరికంటే ముందు వేసి వచ్చాడు.

“నాన్నా, మీరు ఎవరికైనా ఫోన్ చేశారా?”

“నేనా? ఓటేసొచ్చి నీ కాఫీ కోసం ఎదురుచూడటం తప్ప పొద్దున్నుంచి నేను చేసిన పనేం లేదమ్మా.”

“రాధా, కారు తిప్పు. అది నాన్న కాదు. రేపు పోలింగ్ లేదు. సాయంత్రం ఏడింటికి తలుపులు మూసేస్తారు.”

 అవతల రాధారాణి నవ్వింది. ఆ నవ్వులో స్నేహం లేదు. “నేను మీ ఆయనకి వెయ్యనని నీకు తెలుసు. ఇప్పుడు వెళ్ళమనేది నువ్వు, వద్దన్నది మీ నాన్నగారు. మీ ఇంట్లో ఎవరి మాట నమ్మాలో మీరే డిసైడ్ చేసుకుని చెప్పండి.” ఫోన్ పెట్టేసింది.

పది దాటేసరికి ఆ కాల్ వాళ్ళుండే కమ్మింగ్ ఊళ్ళో చాలా తెలుగు ఇళ్ళకు వెళ్ళిందని తేలిపోయింది. శశికళ భర్త దామోదర్ జార్జియా రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తున్నాడు. ఊళ్ళో రెండు ఫార్మసీలు నడిపే మనిషి. ఇంటి పన్ను తగ్గాలి, బడిలో ఏం చెబుతున్నారో తల్లిదండ్రులకు తెలియాలి, దేశంలోకి వచ్చేవాడు తలుపు గుండా రావాలి, ఓటేసేవాడు గుర్తింపు కార్డు చూపించాలి అన్నవి అతని మాటలు. అవి శశికళ మాటలు కూడా. గ్రీన్‌కార్డ్ కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబడ్డ మనిషికి వరస విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. అవతలి పార్టీ తెలుగువాళ్ళ ఓట్లను తమ జేబులోవిగా లెక్కేసుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది. అందుకే ఎండనక వాననక తలుపులు తట్టింది.

వీరభద్రరావు ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివాడు. ఎమర్జెన్సీ రోజుల్లో ఢిల్లీ పంపిన కాగితాన్ని ఉన్నదున్నట్టు చదవనన్నందుకు ఆయన్ని పంటల కార్యక్రమానికి మార్చారు. పదవీ విరమణ దాకా పురుగుమందుల గురించే మాట్లాడాడు, పశ్చాత్తాపపడలేదు. ఈ ఊళ్ళో గుళ్ళో కల్యాణమైనా, ఎవరింట్లో గృహప్రవేశమైనా మైకు ఆయన చేతికే ఇచ్చేవారు. ఆ గొంతు చెప్పిందంటే నిజమని జనం నమ్మకం.

ఇప్పుడు ఆ గొంతే ఆయనకు పనికిరాకుండా పోయింది. తెలిసిన నంబర్లన్నిటికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. “బాబూ, పొద్దున మాట్లాడింది నేను కాదు, ఇవాళే ఆఖరు,” అని చెబుతుంటే తేజేశ్వర్ అనే కుర్రాడు నవ్వాడు.

“ఇంతకీ ఏ అంకుల్ ఒరిజినల్ అంకుల్? పొద్దున కాల్ చేసిన ఆయనా, మీరా? ఎవరో ఒకరు ఫిక్స్ అవ్వండి.”

వీరభద్రరావు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. డెబ్భై ఆరేళ్ళ జీవితంలో ఆయన్ని అబద్ధాలకోరన్నవాళ్ళు లేరు. ఆ కుర్రాడూ అనలేదు. ఊరికే జోకేశాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడే దామోదర్ నుంచి ఫోన్. “శశీ, మావయ్యగారిని ఆఫీస్‌కి తీసుకురా. రెండింటికి ప్రెస్ మీట్. అట్లాంటా నుంచి టీవీ వాళ్ళు వస్తున్నారు. అవతలి పార్టీ వాళ్ళు ఒక పెద్దాయన గొంతు దొంగిలించి మన తెలుగువాళ్ళ ఓట్లు ఆపారని ఆయన నోటితోనే చెప్పిద్దాం.”

ప్రచార కార్యాలయం ఒక నెయిల్ సెలూన్‌కీ ఇండియన్ గ్రాసరీ షాపుకీ మధ్య గది. తడిసిన గొడుగులతో, కోపంతో అప్పటికే జనం నిండిపోయారు. గోడవార ట్రావిస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. అక్టోబర్‌లో జాతీయ పార్టీ వాషింగ్టన్ నుంచి పంపిన సలహాదారు అతను. అతను రాకముందు రాష్ట్ర పార్టీ పెద్దలు ఇంటి పన్ను గురించీ, ఇరుకైపోయిన రోడ్డు గురించీ మాట్లాడేవారు. అతను వచ్చాక ఆ మాటలు ఆగిపోయాయి. “రోడ్లతో ఎవరూ గెలవరు. భయంతో గెలుస్తారు,” అని మొదటిరోజే చెప్పాడు. వెంట డబ్బు కూడా తెచ్చాడు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

తండ్రిని తీసుకుని శశికళ లోపలికి వెళ్ళబోతుంటే రాధారాణి అడ్డొచ్చింది. ఆఫీసు నుంచి సరాసరి ఇక్కడికే వచ్చినట్టుంది. “విను,” అంటూ వాయిస్‌మెయిల్ పెట్టింది. “విని, నాన్న కాదని నా కళ్ళలోకి చూసి చెప్పు.”

శశికళ, వీరభద్రరావు కలిసి విన్నారు. నిదానమైన ఆ పలుకు, మాట చివర ఆ చిన్న విరామం ఆయనవే. కానీ గొంతు బొంగురుగా ఉంది. ముక్కు దిబ్బడ వేసినట్టు, మధ్యలో ఊపిరి అందనట్టు ఉంది.

“ఇంకోసారి పెట్టనా, బాబాయిగారూ?”

“వద్దమ్మా,” అన్నాడు వీరభద్రరావు. వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

“రాధా, మీ వీధిలో ఇంకెవరెవరికి వచ్చింది?” అని అడిగింది శశికళ.

“ఎవరికేమిటి? ఇంటి ముందు పచ్చికలో మీ ఆయన బోర్డు లేని తెలుగు ఇళ్ళన్నిటికీ. బోర్డు ఉన్న మా పక్కింటి స్మృతి వాళ్ళకి రాలేదు, అడిగాను.”

శశికళ ఆ ఇళ్ళను మనసులో లెక్కేసుకుంది. తమ ఓటర్లను ఆపాలనుకున్న శత్రువు తమ ఓటర్లను వదిలేసి, తన ఓటర్లకే ఫోన్ చేస్తాడా? ఆ వెంటనే నాన్న జలుబు గుర్తొచ్చింది. గుళ్ళో, సభల్లో తీసిన తండ్రి వీడియోలు ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఉంటాయి. వాటన్నిటిలో గొంతు గంటలా ఉంటుంది. కిందటి నెలలో ఆయనకు గట్టిగా జలుబు చేసింది. తాను మిరియాల కషాయం కాస్తుంటే, వంటింట్లోనే ఫోన్ పెట్టి, “ప్రచారానికి నాలుగు మాటలు చెప్పండి మావయ్యగారూ,” అని రికార్డు చేసుకున్న మనిషి ఒక్కడే. గొంతు బాగాలేదు, తర్వాత మళ్ళీ చేద్దామన్నాడు. చేయలేదు. ఆ బొంగురు గొంతు ఆ ఒక్క ఫోన్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

వెనకనున్న స్టోర్ గదిలో, కరపత్రాల పెట్టెల మధ్య దామోదర్ టై సర్దుకుంటున్నాడు. శశికళ తలుపు దగ్గరగా వేసింది.

“నాన్న జలుబు రికార్డింగ్ ఎవరికి ఇచ్చారు?”

టై మీద చేతులు ఆగిపోయాయి. అబద్ధం చెప్పాలా వద్దా అన్నది అతని ముఖం మీద కనిపించింది. చివరికి చెప్పలేదు. అతను మొదటినుంచీ చెడ్డవాడు కాదు. “ట్రావిస్ అడిగాడు. అదే గొంతుతో ఏ మాటైనా కంప్యూటర్ పలుకుతుందట, వాయిస్ శాంపిల్ కావాలన్నాడు.”

“ఎందుకని అడగలేదా?”

“అడిగాను.”

బయట ఎవరో మైకు తట్టి చూస్తున్న చప్పుడు.

“కొద్ది ఓట్లే తేడా శశీ. నేను గెలిస్తే ఎంత మంచి చేయొచ్చో నీకు తెలుసు. అవతలి వాళ్ళు ఇలాంటివి చేయరనుకుంటున్నావా? వాళ్ళు గెలిస్తే మన పిల్లల బడి ఏమవుతుంది, మన పన్ను ఏమవుతుంది?”

“వాళ్ళు చేస్తారనే కదండీ మనల్ని గెలిపించమని అడిగింది. ఎన్నికల్లో మోసం ఉండకూడదని నేను చెప్పిన ప్రతి గుమ్మంలోనూ మీ పేరు చెప్పాను. రాధ ఇంట్లో కూడా చెప్పాను. మీకు ఓటెయ్యనంటూనే నాకు కాఫీ ఇచ్చింది.”

“ఏడు దాకా ఆగు. ఆ తర్వాత నువ్వేం చెబితే అది చేస్తాను.”

“ఏడయ్యాక వాళ్ళు ఓటెలా వేస్తారు? వెళ్ళి మీరే చెప్పండి. మీ నోటితో చెబితే ఇంకా టైముంది.”

దామోదర్ ఆమె వంక చూడలేదు. తలుపు తీసుకుని, కెమెరాల వెలుతురులోకి నడిచాడు.

పాఠకులారా, ఇలాంటి గదులు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. మనకు నచ్చిన జెండా కట్టిన గదిలో జరిగే తప్పు మనకు తప్పులా కనిపించదు. ఎదుటివాడి గదిలో అదే జరిగితే వీధెక్కుతాం. కుటుంబం, చట్టం, మర్యాద నిలవాలని కోరే పార్టీకి ఈ జబ్బు తగిలితే మరీ ప్రమాదం. ఎందుకంటే ఆ పార్టీ దగ్గర అమ్మడానికి వేరే సరుకు లేదు.

దామోదర్ ఇంగ్లీషులో రెండు నిమిషాలు మాట్లాడి, మామగారి చేయి పట్టుకుని మైకు ముందుకు తెచ్చాడు.  వీరభద్రరావు మైకును కాస్త దూరం జరిపాడు, పాత అలవాటు.

“తెలుగులోనే చెబుతాను. టీవీ వాళ్ళకు తర్వాత ఎవరైనా చెప్పండి. ఈ పార్టీ అంటే నాకు ఇష్టం. ఎందుకంటే ఇది ప్రభుత్వం చిన్నదిగా ఉండాలంటుంది. నా ఇంటిని నేను చూసుకోగలనని నమ్ముతుంది. ఢిల్లీ అయినా వాషింగ్టన్ అయినా, దూరాన కూర్చున్నవాడు నా నోట్లో మాట పెట్టకూడదని నేను వయసులో ఉన్నప్పుడే నిర్ణయించుకున్నాను. అయితే ఒకటుంది. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలంటే మనిషి మాట పెద్దదిగా ఉండాలి. పోలీసు చూడనప్పుడు కూడా నిజం చెప్పేవాడికే ఆ స్వేచ్ఛ అడిగే హక్కుంది. మాట పోగొట్టుకుని సీటు గెలిస్తే, మనం కాపాడతామన్నది ఏదీ మిగలదు.”

“ఇవాళే ఆఖరు రోజు,” అన్నాడు మళ్ళీ. “ఎవరికి వేస్తారో మీ ఇష్టం. వెళ్ళి వేయండి. పొద్దున వచ్చింది నా గొంతే, నా మాట కాదు. దాన్ని ఎవరు తీసుకున్నారో రాధమ్మ ఫోన్లో వినగానే నాకు తెలిసింది. జలుబు నాది కదా. చెప్పుకుంటాడేమోనని ఇంతసేపు చూశాను.”

ఆయన అల్లుడి వైపు తిరగలేదు. తిరిగి ఉంటే దామోదర్‌కు కొంత సులువయ్యేది. ట్రావిస్‌కు తెలుగు రాదు. తలూపుతూ చప్పట్లు మొదలుపెట్టాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు.

“అయితే ఎవరండీ? అవతలి పార్టీ వాళ్ళేనా?” వెనక నుంచి తేజేశ్వర్ అడిగాడు. ఈసారి అతని గొంతులో జోకు లేదు.

శశికళ భర్తనే చూస్తోంది. అతను టై ముడి సర్దుకుంటూ ట్రావిస్ వైపు చూశాడు.  గోడ మీద గడియారం మూడు వైపు కదులుతోంది. రాధారాణి చేతిలో కారు తాళాలున్నాయి. ఏ మాట నమ్మి ఎటు వెళ్ళాలో తెలియని మనిషిలా తలుపు దగ్గర నిలబడి ఉంది.

శశికళ తండ్రి పక్కకు వెళ్ళి నిలబడింది. చొక్కా మీది స్టిక్కర్ ఊడిపోతుంటే వేలితో నొక్కింది. తర్వాత మైకు తన వైపు తిప్పుకుంది.

“అవతలి పార్టీ వాళ్ళు కాదు రాధా. నువ్వు వెంటనే వెళ్ళి ఓటెయ్యి, దారిలో కనిపించిన అందరికీ చెప్పు. మా నాన్న గొంతు ఎత్తుకెళ్ళి వాషింగ్టన్ మనిషి చేతిలో పెట్టింది మా ఆయన. మీ అభ్యర్థి దామోదర్.”