కవిలెలో విడిచిన చోటు

రోహిణికార్తె చండాతపమున దిగంతములు ధూళిధూసరితములై పసరములు నీడ గానక యెండిన చెఱువుగట్ల నిలిచి రొప్పుచుండ, ఈదురుపాడను గ్రామమునకు నైరృతమున జంటకొండల నడిమి కనుమపై కాటుకవన్నె మబ్బొకటి కదలక నిలిచియుండెను. గ్రామకరణమగు మంచిరాజు తన యింటి యరుగుపై నొంటిగా కూర్చుండి దానినే చూచుచుండెను.

గ్రామవృత్తాంతమును కవిలెయను తాళపత్రసంపుటమున వ్రాయుట ఆ వంశమువారి వృత్తి. అందు మూడు మహాచక్రవాతముల కథ గలదు. ముత్తాతనాటి సుడిగాలి మేఘమునుండి యేనుగుతొండమువలె దిగి తాటిచెట్లను వేళ్లతో పెకలించి ధాన్యపుబండ్లను కొండమీదికి విసరి పదునేడుగురిని బలిగొనెను. తాతనాటిది తొమ్మండ్రను గొనిపోయెను. పదునొకండేండ్ల క్రిందట వచ్చిన మూడవది మునుపటి రెంటికంటెను ఘోరమైనదేకాని, ఆనాడు ఊరెల్ల పొరుగూరి జాతరకు తరలియుండుటచే జనులు బ్రదికిరి. చూలుటావునకు కావలిగా ఇంట నిలిచిన మంచిరాజు ఇల్లాలు పేరాంబ మాత్రము కానరాలేదు. ఆమె చీరచెఱగైనను ఎచ్చటను దొరకలేదు.

కళేబరము దొరకనివారిని పండ్రెండేండ్లు నిండువఱకు మృతులుగా వ్రాయరాదని యా సీమ యాచారము. మంచిరాజు ఆ యాచారము చాటున తలదాచుకొనెను. ఆమె యేదో యూర బ్రదికియున్నదని అడిగినవారికెల్ల చెప్పెను, తానును నమ్మెను. మూడవ గాలి పత్రమున మృతుల పేర్లకు చోటు విడిచి ఊరకుండెను. ప్రతిదినమును సంజవేళ ఆమె వచ్చి కాళ్లు కడుగుకొనుటకై గడపకడ చెంబెడు నీళ్లుంచును.

ఆనాటి యపరాహ్ణమున కుమ్మరిపెద్ద బుడ్డప్ప వచ్చి చేతులు జోడించి, “అయ్యా, కనుమలో మేలైన బంకమన్ను దొరకినది. ముప్పది ఇండ్లకు కొలతమేకులు పాతితిమి, రేపు పునాదులు త్రవ్వుచున్నాము. తమ యాశీర్వాదము కావలయును” అనెను.

మంచిరాజు దిగ్గున లేచి, “వలదు బుడ్డప్పా! అది గాలిత్రోవ. మూడుమాఱులును ఆ కనుమనుండియే వచ్చినది. పిల్లలతో అచ్చట కాపురముండకుడు” అనెను.

బుడ్డప్ప నవ్వి, “తమ కవిలెయే మాకు ధైర్యము గదయ్యా! మొదట పదునేడుగురు, పిమ్మట తొమ్మండ్రు, మూడవమాఱు ఒక్కరును లేరు. దాని కోఱలూడినవి. అమ్మగారు సయితము బ్రదికియున్నారని తామే సెలవిచ్చుచుందురు” అనెను.

ప్రేమచే విడిచిన యా చోటు ముప్పది కుటుంబములను గాలినోటికి పిలుచుచున్నదని మంచిరాజు తొలిసారిగా నెఱిగెను. సిగ్గు కలిగెను. అంతకంటె నెక్కుడుగా దుఃఖము కలిగెను. ఇంకొక్క యేడు మాత్రమే గడువు మిగిలియున్నది. ఆ యేడు ఆమెను బ్రదికించుకొనవలెనని ప్రాణము కొట్టుకొనెను, కాని పునాదులు రేపే త్రవ్వుదురు.

అతడు లోనికేగి కవిలె తెచ్చి, ఒడిలో పఱచి, గంటము పట్టెను. వ్రాసి ముగించి, అక్షరములు తేటపడుటకు మసి పూసి తుడిచి, బుడ్డప్ప వినునట్లు చదివెను: “మూడవ గాలియందు పోయినవారు ఒక్కరు. మంచిరాజు భార్య పేరాంబ.”

బుడ్డప్ప తలపాగ తీసి చేతబట్టుకొనెను. పిమ్మట మెల్లగా, “ఈ పొద్దే ఆ మేకులు పెఱికింతునయ్యా” అని వెడలిపోయెను.

సంజ వ్రాలెను. కనుమపై మబ్బు కురియకయే విరిసిపోయెను. మంచిరాజు వాడుకచొప్పున చెంబుతో నీళ్లు తెచ్చి గడపకడ నుంచి, ఎవరును లేని బాటవంక కొంతతడవు చూచెను. అంతట వంగి యా చెంబెత్తి, శ్మశానమునుండి మరలివచ్చినవాడు కడుగుకొనునట్లు, ఆ నీటితో తన కాళ్లు కడుగుకొని లోనికిం బోయెను.