చక్రం నడిమి నుంచి

జీపు ఎత్తు పెంచుతానని కూతురు అన్నప్పటి నుంచి ఆ తల్లికి కంటి మీద కునుకు లేదు. రాళ్ల దారుల్లో తిరిగి పశువులకు మందులు చేరవేసే ఉద్యోగం కూతురిది. బండి అడుగు రాళ్లకు కొట్టుకుంటోంది, నిజమే. కానీ ఎత్తయిన బండి మలుపులో పక్కకి ఒరిగితే? చివరికి ఒప్పందం కుదిరింది: రెండంగుళాలు, దారప్పోగంత కూడా ఎక్కువ కాదు. మించితే కొత్త స్ప్రింగులు అక్కడికక్కడే విప్పించాలి.

కుట్టుపని మనిషి కాబట్టి టేపు ఆమెదే. పని మొదలవకముందే, లంగా అంచు కొలిచినట్టు, నేల నుంచి చక్రం పైనున్న రేకు అంచు దాకా కొలిచి పెట్టుకుంది. మెకానిక్ మాత్రం చక్రం నడిమి నుంచి అదే అంచు దాకా కొలిచి, ఆమె ఎదుటే షెడ్డు గోడ మీద సుద్దతో పద్దెనిమిది అంగుళాలని రాశాడు.

సాయంత్రం బండి జాకీ మీద నుంచి దిగగానే ఆమె టేపుతో వంగింది.

"నాలుగంగుళాలు లేపారు! నా కళ్లకు గంతలు కడదామనా?"

"టైర్లు కూడా పెద్దవి వేశాం కదమ్మా, నేల నుంచి కొలిస్తే వాటి ఎత్తూ కలుస్తుంది," అన్నాడు మెకానిక్.

"ఎత్తు మడమల చెప్పులేసుకున్న పిల్లకి లంగా నేల నుంచి కొలుస్తావా అమ్మా? నడుం నుంచి కదూ!" అంది కూతురు.

ఆ మాట సూటిగా తగిలింది. ఆమె చక్రం నడిమి నుంచి కొలిచింది. ఇరవైన్నర.

"అయినా అర ఎక్కువే. విప్పు నాయనా."

"కొత్త స్ప్రింగులమ్మా. కాస్త తిరిగొస్తే సర్దుకుంటాయి."

కూతురు వీధులు చుట్టి వచ్చింది. మళ్లీ కొలిస్తే ఇరవై మీద పావు.

"పావైనా ఎక్కువ ఎక్కువే," అందామె. మెకానిక్ నిట్టూర్చి పానా అందుకున్నాడు.

కూతురు పానా వైపు చూసింది, తల్లి వైపు చూసింది. "ఒక్కసారి ముందు సీట్లో కూర్చోవే అమ్మా."

"నేనా? ఎందుకే?"

"కూర్చో, చెప్తా."

గుండె చిక్కబట్టుకుని ఎక్కింది. ఈసారి టేపు కూతురు పట్టింది.

"ఇరవై! సరిగ్గా రెండే పెరిగింది."

"ఏం, అంత లావున్నానా?"

"ఒప్పందం నిలవాలంటే నువ్విక దిగకూడదు మరి."

మెకానిక్ అటు తిరిగి నవ్వుకున్నాడు. ఆమె బండి ముందద్దంలోంచి వీధి మలుపు వైపు కాసేపు చూసింది. తర్వాత కిటికీలోంచి చెయ్యి చాపింది.

"టేపు ఇలా ఇవ్వు. రేపు ఎన్నింటికి బయల్దేరాలి?"